ఐసు పెట్టెలో కండ మందు

మా వీధి చివర కొత్తగా జిమ్ము పెట్టారు. పొద్దున్నే కుర్రాళ్ళు చేతులు మడిచి ఒకరి కండలు ఒకరికి చూపించుకుంటూ మా అరుగు ముందు నుంచే పోతుంటారు. మొన్న వాళ్ళలో ఒకడు, కండ తొందరగా రావడానికి గ్రోత్ హార్మోను ఇంజెక్షను ఉందట, అమలాపురంలో ఎవరో తెప్పించి ఇస్తారట అని పక్కవాడితో చెబుతుంటే విన్నాను. పిలిచి నాలుగు చీవాట్లు పెట్టాను. "దాని సంగతి మీకేం తెలుసు మామ్మగారూ" అని నవ్వేసి పోయాడు.

తెలుసు. దాన్ని చేత్తో పట్టుకుని ఒక పిల్ల తొడకి గుచ్చినదాన్ని నేను. అది పని చెయ్యకపోతే ఇంటిల్లిపాదీ ఏమవుతారో చూసినదాన్ని. ఓపిక ఉన్నప్పుడే రాసిపెడదామని ఇప్పుడు కూర్చున్నాను. నాకున్న చదువు ఐదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

ముమ్మిడివరం అవతల కాలవ గట్టు మీద ఊరు మాది. అక్కడి అంగన్‌వాడీలో ఆయాగా చేరాను, అక్కడే ముసలిదాన్నయ్యాను, అక్కడే మానేశాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలకి చెబుతున్నాను, ఆయా పనంటే అన్నం వండి గుడ్డు ఉడకబెట్టడం అనుకోకండి. ముఖ్యమైన పని మొయ్యడం. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పోగు చెయ్యాలి. నడిచేవాళ్ళు నడుస్తారు, మారాం చేసేవాళ్ళని చంకనెత్తుకోవాలి. కాలవ మీద రెండు తాటి దుంగల వంతెన ఉండేది. వాన పడితే పాకుడు పట్టేది. ఎంతమంది పిల్లల బరువు దాటించానో నా ఎడమ తుంటికి తెలుసు. ఇప్పటికీ చలికాలం వస్తే అది లెక్క చెబుతుంది.

అలా మోసిన పిల్లల్లో ఒక ఆడపిల్ల ఉండేది. ఐదో ఏడు నడుస్తోంది, చూస్తే మూడేళ్ళదానిలా ఉండేది. బుగ్గలు బూరెల్లా, పొట్ట గుండ్రంగా, చేతులు మెత్తగా పిండి ముద్దల్లా ఉండేవి. చూసినవాళ్ళందరూ బొమ్మ అనేవారు. ఆ బొమ్మకి సెంటరు ముందున్న మెట్టు ఎక్కడం కష్టం. చేతులు ఆనించి, ఒక కాలు పెట్టి, కాస్త ఆగి, రెండోది లాక్కునేది. పిల్లలు ఆడుతుంటే గోడకి ఆనుకుని కూర్చుని నా వంట చూసేది. ఎత్తుకుంటే నన్ను కాళ్ళతో పట్టుకునేది కాదు. మిగతా పిల్లలు తుంటి మీద ఎక్కగానే కోతిపిల్లల్లా కరుచుకుంటారు. ఇది జారిపోయేది. తడిసిన బట్టని మోసినట్టు ఉండేది.

తండ్రి వీళ్ళని వదిలేసి పోయాడు. ఎందుకో నేను అడగలేదు. తల్లి కువైట్‌లో ఒక ఇంట్లో పని చేసేది, పిల్ల తాతగారి దగ్గర పెరిగేది. ఆయన భార్య పోయి చాలాకాలమైంది. ఆయన మా చెరువుల దగ్గర రొయ్యల షెడ్డులో ఐసు పని చేసేవారు. ఐసు దిమ్మలు పగలగొట్టి, రొయ్యల్ని పెట్టెల్లో సర్దడం. ఊళ్ళో అందరికీ ఐసు తాతగారే. వయసుకి ఆయన నన్ను చెల్లెమ్మగారనేవారు, నేను అన్నయ్యగారనేదాన్ని. ఏళ్ళ తరబడి ఆ చలిలో, ఆ ఉప్పునీళ్ళలో పని చేసి ఆయన వేళ్ళ కొసలకి స్పర్శ పోయింది. కాలిపోతున్న టీ గ్లాసు పట్టుకుని మాట్లాడుతూ ఉండిపోయేవారు. చల్లగా ఉందో వేడిగా ఉందో తెలియాలంటే దేన్నైనా తీసుకెళ్ళి చెంపకి ఆనించుకునేవారు.

మా టీచరుగారు చిన్నది, శ్రద్ధ గలది. పిల్లని తూకం వేస్తే ఎత్తుకి తగ్గ బరువే ఉంది, కొంచెం ఎక్కువే ఉంది. ఎత్తే లేదు. మొదట తిండి చాలక అనుకుని గుడ్డు ఎక్కువ పెట్టించింది. గుడ్డు తిన్నకొద్దీ పిల్ల పొట్ట పెరిగింది. తరవాత పరీక్షలు చేసేవాళ్ళు మండలం నుంచి వచ్చినప్పుడు ఆవిడే పట్టుబట్టి చూపించింది. వాళ్ళు కాకినాడ పంపించారు. అక్కడి పిల్లల డాక్టరమ్మగారు చాలా రకాల రక్తాలు తీసి, తలకాయకి ఫొటో తీయించి, ఇది గ్రోత్ హార్మోను లోపం అన్నారు.

తాతగారికి తోడు నేనే వెళ్ళాను. పిల్లని ఎత్తుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా.

డాక్టరమ్మగారు ఓపికగా చెప్పారు. మెదడు కింద కందిగింజంత గ్రంథి ఉంటుందట. అందులోంచి ఈ హార్మోను రక్తంలోకి వస్తుంది. కొంత సూటిగా కండలకీ ఎముకలకీ పోతుంది, కొంత కాలేయానికి వెళ్ళి అక్కడ ఇంకో రసాన్ని పుట్టిస్తుంది. ఆ రసం వెళ్ళి, తిన్న తిండితో పోగులు మందం చేసుకో అని కండకి చెబుతుంది, పొడుగు సాగమని ఎముకకి చెబుతుంది. ఆ మాట రాకపోతే తిన్నది కొవ్వు కింద పడి ఉంటుంది. నాకు వెంటనే అర్థమైంది. మా అంగన్‌వాడీ కూడా అంతే. జిల్లా నుంచి ప్రాజెక్టుకి, ప్రాజెక్టు నుంచి సూపర్‌వైజరమ్మకి, అక్కణ్ణుంచి మాకు మాట వస్తేనే పొయ్యి వెలుగుతుంది. బియ్యం మూట కళ్ళెదుట ఉన్నా పైనుంచి మాట రాకపోతే మూట మూటే. ఈ పిల్ల ఒంట్లో సరుకు నిండుగా ఉంది, వండమని చెప్పేవాడే లేడు.

జిమ్ము కుర్రాళ్ళూ, ఇది మీ కోసం రాస్తున్నాను. మాట సక్రమంగా వస్తున్న ఒంటికి ఇంకో మాట బయట నుంచి గుచ్చుకుంటే ఏమవుతుందని ఆవిణ్ణి అడిగాను. సుగరు పెరుగుతుందనీ, కీళ్ళు వాస్తాయనీ, గుండె దాకా పోతుందనీ చెప్పారు. లేనివాళ్ళకే మందు, ఉన్నవాళ్ళకి రోగం అన్నారు.

మందు ఖరీదైనది. రోజూ వెయ్యాలి, ఏళ్ళ తరబడి వెయ్యాలి. తల్లి ఫోనులో అంతా విని, ఇంక కొన్నాళ్ళు అక్కడే ఉంటానంది. వచ్చే వేసవికి ఒప్పందం అయిపోతుంది, అప్పటికి పిల్ల నిలదొక్కుకుంటే వచ్చేసి ఇక్కడే ఏదో పని చూసుకుంటానంది. డాక్టరమ్మగారు ఒక మాట ముందే చెప్పారు. కొన్ని నెలలు వేసి చూద్దాం, ఒళ్ళు జవాబు చెప్పకపోతే ఆపేసి వేరే దారి వెతకాలి అన్నారు. వేరే దారి ఏమిటో చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ ఇంజెక్షను లావుపాటి పెన్నులా ఉంటుంది. వెనక మర తిప్పితే టిక్కు టిక్కుమంటుంది. ఎన్ని టిక్కులో అంత మందు. తాతగారికి ఆ టిక్కు వేలికి తెలియలేదు. రెండుసార్లు తిప్పి చూసి చేతులు కిందికి దించేసుకున్నారు. తల్లి ఫోనులో నన్ను పిలిచి "అత్తయ్యగారూ, మీరు వేస్తారాండీ?" అంది. టీచరుగారు భయపడింది. ఏదైనా అయితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయంది. సెంటరులో వెయ్యను, సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి వేస్తాను, అది నా సొంత పని అని చెప్పాను. కాకినాడలో నర్సమ్మ నా చేత రెండుసార్లు చేయించి, సరే అంది.

రోజూ దీపాలు పెట్టే వేళకి వెళ్ళేదాన్ని. పిల్ల ఏడ్చేది కాదు. గుచ్చాక మాత్రం చెయ్యి మడిచి "ఆయమ్మా, కండ వచ్చిందా?" అని అడిగేది. నేను అబద్ధాలాడను. "రాలేదు. రేపు చూద్దాం" అనేదాన్ని.

మందుని చల్లగా ఉంచాలన్నారు. ఆ ఇంట్లో ఫ్రిజ్జు లేదు. చల్లదనం గురించి తనకొకరు చెప్పాలా అన్నారు తాతగారు. షెడ్డులో రొయ్యలు పంపే థర్మోకోలు పెట్టె ఒకటి తెచ్చుకున్నారు. రోజూ పొద్దున్నే పనిలోంచి కొత్త ఐసు తెచ్చి పెట్టె నింపేవారు. ఖర్చు లేని చల్లదనం కదా అని నేనూ మంచిదనే అనుకున్నాను. సాయంత్రం నేను వెళ్ళేసరికి ఐసు సగం కరిగి, మందు చల్లటి నీళ్ళలో తేలుతూ ఉండేది. తుడిచి తీసి వేసేదాన్ని.

నెలలు గడిచాయి. పిల్ల గౌను పొట్టిదవ్వలేదు. చెప్పులు బిగుతవ్వలేదు. మెట్టు దగ్గర అలాగే ఆగేది. తుంటి మీద అలాగే జారేది. ఊళ్ళో మాటలు మొదలయ్యాయి. చెరువుల వాళ్ళకి ఇలాంటివాటి మీద పెద్ద అనుమానం. రొయ్య తొందరగా పెరగాలని ఎవరెవరో ఏవేవో డబ్బాలు తెచ్చి అమ్మడం, చెరువుకి చెరువు పోవడం వాళ్ళు చూశారు. షెడ్డులో ఒకడు తాతగారితో, మనవరాలికి కూడా గ్రోతు మందు పోస్తన్నావా అన్నాడట. ఆయన నాతో ఆ మాట చెప్పి, నవ్వబోయి నవ్వలేకపోయారు. "నిజంగానే అలాంటిదేనాండీ ఇది, చెల్లెమ్మగారూ?" అని అడిగారు. నాకేం తెలుసు. చెప్పిన పని చేస్తున్నాను అన్నాను.

గడువు నాటికి మళ్ళీ కాకినాడ వెళ్ళాం. ముమ్మిడివరంలో బస్సెక్కి, ఎదుర్లంక వంతెన మీదుగా యానాం దాటి. దారంతా పిల్ల నా ఒళ్ళో నిద్రపోయింది. తాతగారు ఉతికిన చొక్కా వేసుకున్నారు, పరీక్షకి వెళ్తున్నట్టు.

కొలిచారు. రక్తం తీశారు. డాక్టరమ్మగారు కాగితాలు పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, ఏమీ మారలేదమ్మా అన్నారు. మందుకి ఒళ్ళు లొంగడం లేదనుకోవాలి, ఇంక ఆపేస్తే నయమేమో, మీ అమ్మాయితో కూడా మాట్లాడాలి అన్నారు. తాతగారు ఆయ్ అన్నారు. ఆ ఒక్క ముక్కే. పిల్ల నా చేతి గాజులు తిప్పుతూ ఆడుకుంటోంది.

అప్పుడు నర్సమ్మ, ఆ పెన్ను పట్టడం నాకు నేర్పినావిడే, ఊరికే అడిగింది.

"మందు ఎక్కడ పెడతన్నారు తాతగారూ?"

ఎన్నాళ్ళకో తనకి తెలిసిన ప్రశ్న వచ్చింది ఆయనకి. కుర్చీలో ముందుకి జరిగారు.

"ఐసులోనండి. కింద ఒక వరసండి, మజ్జిన మందు, మళ్ళీ పైన సందు లేకుండా కూరేస్తానండి. మీద గుప్పెడు కల్లుప్పు జల్లుతాను, ఇంకా బిగుసుద్దని. ఇలా కడితే మన రొయ్య మద్రాసు దాకా పోద్దండి, తలకాయ కూడా నల్లబడదు."

"మందు గడ్డ కడతందాండీ మరి?"

"కట్టకుండా ఎలా ఉంటదండీ, అంత బాగా పెడితే."

డాక్టరమ్మగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశారు. షెడ్డులో మెచ్చుకునే మాటకి ఇక్కడ ఎందుకు ఎవరూ పలకలేదో ఆయనకి అర్థం కాలేదు.

కోప్పడకుండానే చెప్పారావిడ. గడ్డకట్టిన మందు కరిగాక చూడ్డానికి మందులాగే ఉంటుంది, దాని పని మాత్రం పోతుంది. ఇన్ని నెలలూ పిల్లకి మందు పడనట్టే. అయితే ఒళ్ళు లొంగలేదని చెప్పడానికి లేదు, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టచ్చు అన్నారు. ఆ చివరి మాట మంచి కబురు. ఆయన చెవిన పడినట్టు లేదు.

బయటికి వస్తుంటే నర్సమ్మ గుమ్మం దాకా వచ్చి "చచ్చినదాన్ని దాస్తన్నాం అనుకోకండి తాతగారూ. ప్రాణమున్నదాన్ని దాస్తన్నాం అనుకోండి" అంది. ఆయన చేతులు జోడించారు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. తల్లి ఫోను చేసే వేళ. గుమ్మంలో కూర్చుని ఆయన నాతో మెల్లగా అన్నారు.

"చెల్లెమ్మగారూ, మందే తేడా వచ్చిందని చెప్పండి. మీరంటే నమ్ముద్ది."

నేను విసిగిపోయి ఉన్నాను. పొద్దున్న నుంచి పిల్లని మోసి నడుము పడిపోయింది. "నేను చెప్పనండి. కువైట్‌లో మీ అమ్మాయి పడ్డ కష్టం అది. అది ఎటు పోయిందో దానికి తెలియాలి. మీరే చెప్పండి" అన్నాను.

ఫోను మోగింది. తెర మీద ఆ పిల్ల తల్లి. తలకి గుడ్డ కట్టుకుని, వెనక ఎవరిదో పెద్ద వంటిల్లు. ఆయన ఫోనుని రెండు చేతులతో పట్టుకున్నారు, వేళ్ళ మీద నమ్మకం లేక.

"అమ్మా, మందుని నేనే పాడుచేసేను. ఐసులో గడ్డ కట్టించేసేను. ఇన్నాళ్ళూ పిల్లకి వేసింది ఉత్త నీళ్ళేనంట."

వెనక ఆ ఇంటి పిల్లవాడెవడో ఏడ్చాడు. ఆ అమ్మాయి అటు తిరిగి వాణ్ణి ఏదో వాళ్ళ భాషలో ఊరుకోబెట్టి, మళ్ళీ ఇటు తిరిగింది. ఒకరి పిల్లవాణ్ణి ఊరుకోబెట్టి తన పిల్ల సంగతి వినడానికి తిరగడం నేను కళ్ళారా చూశాను. ఇంకెవరూ చూడకూడదు.

"నానా, అన్నం తిన్నావా?" అంది.

"ఇంకా లేదమ్మా."

"తిను ముందు. ఏసంగికి రాన్లే. ఇంకోసారి సంతకం పెడతాను."

తరవాత పిల్లకి కనిపించేలా ఫోను తిప్పమంది. పిల్ల చెయ్యి మడిచి చూపించింది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, లేచి వచ్చేశాను. నాకక్కడ పని లేదు.

మర్నాడు నేను పొయ్యి వెలిగిస్తుండగా ఆయన సెంటరుకి వచ్చారు. చంకలో వేరే పెట్టె. షెడ్డుది కాదు, చెరువులో పొయ్యడానికి రొయ్యపిల్లలు వస్తాయే, సీడు, ఆ పెట్టె. కళ్ళు చూస్తే నిద్ర లేనట్టుంది.

"ఆ నర్సమ్మగారు ప్రాణమున్నదన్నారు కదండీ. సీడు గుర్తొచ్చిందండి నాకు" అన్నారు. సంచిలో నీళ్ళు, నీళ్ళలో కంటికి ఆనని పిల్లలు. ఎండలో వస్తే ఉడికిపోతాయి, ఐసు తగిలితే బిగుసుకుపోతాయి. అందుకని ఐసుముక్కని కాగితాల్లో చుట్టి, దాని మీద గోనె మడత వేసి, సంచి ఎక్కడా ఐసుకి ఆనకుండా పెడతారట. ఆయన పడుచువాడిగా ఉన్నప్పుడు ఆ పనే చేశారట. తరవాత చెరువులోంచి పట్టిన చచ్చిన రొయ్యల వైపు వచ్చేశారు. "బతికున్నదాన్ని చల్లబెట్టడం మర్చిపోయేనండి" అన్నారు.

పెట్టె తెరిచి చూపించారు. అడుగున చుట్టిన ఐసు, మీద గోనె, గోనె మీద మూత పెట్టిన స్టీలు డబ్బా. చెరువు నీళ్ళు చూసే గాజు థర్మామీటరు ఒకటి ఎవరినో బతిమాలి తెచ్చి అందులో పెట్టారు. రెండు డిగ్రీలకీ ఎనిమిదికీ మధ్య ఉండాలన్నారు కాకినాడలో. అది చదవడానికి ఆయనకి చూపు ఆనదు, నాకు కళ్ళజోడు ఉంది. అలా ఆ పనీ నా నెత్తికే వచ్చింది. ఆయన మాత్రం నా చదువుని నమ్మక, డబ్బా తీసి చెంపకి ఆనించుకుని చూసుకునేవారు. చాలాసార్లు చెంప చెప్పిందీ గాజు చెప్పిందీ ఒకటే అయ్యేది. తరవాత తల్లి డబ్బు పంపితే చిన్న ఫ్రిజ్జు కొన్నారు. మా ఊళ్ళో కరెంటు సంగతి తెలుసు కదా. గాలివానకి స్తంభాలు పడ్డప్పుడల్లా పెట్టే దిక్కయ్యింది.

కొత్త మందు మొదలైన కొన్నాళ్ళకి పిల్ల బుగ్గలు లోపలికి పోవడం మొదలుపెట్టాయి. పొట్ట తగ్గిపోయింది. బొమ్మలాంటి పిల్లని చిక్కబెట్టేస్తున్నారని వీధిలో ఆడవాళ్ళు నన్నే తిట్టారు. ముందు కొవ్వు కరుగుతుంది, కండ కట్టడం తరవాత కనిపిస్తుందని డాక్టరమ్మగారు ముందే చెప్పారు కాబట్టి నోరు మూసుకుని మర తిప్పాను. పిల్లకి ఆకలి మొదలైంది. నా గిన్నెలో అడుగు మిగలనిచ్చేది కాదు. పారేసే అన్నం లేకుండా పోయింది, అది నాకు సంతోషం.

తేడా ముందు నా తుంటికే తెలిసింది. ఒక పొద్దున్న ఎత్తుకుంటే పిల్ల కాళ్ళతో నన్ను పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది, పక్కటెముక నొప్పెట్టింది. ఎవరితోనూ చెప్పలేదు. మళ్ళీ ఏమవుతుందో అని.

అలా చాలాకాలం గడిచింది. ఇంకో వానాకాలం వచ్చింది. దుంగలు పాకుడు పట్టి ఉన్నాయి. అలవాటుగా వంగి చేతులు చాపాను. పిల్ల నా చేతులు తప్పించుకుని "నేను నడుస్తాను ఆయమ్మా" అంది. వద్దన్నాను. వినలేదు. పాదాలు అడ్డంగా పెట్టుకుంటూ, కాలివేళ్ళతో దుంగని పట్టుకుంటూ దాటేసింది. సెంటరు మెట్టు దగ్గర ఆగలేదు. ఒక కాలు వేసి రెండో కాలు దాని పక్కకి కాదు, దాని పైకి వేసింది. మోసేవాళ్ళకే అర్థమవుతుంది అది ఎంత పెద్ద సంగతో.

తాతగారు పనిలోకి పోతూ కాలవ అవతల నిలబడి అదంతా చూశారు. చేతిలో సైకిలు అక్కడే పడేసి, దుంగల మీంచి వచ్చి, పిల్ల ముందు మెట్టు మీద కూర్చున్నారు. పిల్ల పిక్కని చేత్తో పట్టుకుని నొక్కి చూశారు. ఇంకోసారి నొక్కారు. ఆ వేళ్ళకి ఏం తెలుస్తుంది. అప్పుడు వంగి, డబ్బా చూసుకున్నట్టే, పిల్ల పిక్కకి చెంప ఆనించారు. పిల్ల గిలిగింతకి కాలు బిగించింది.

"ఉందండి చెల్లెమ్మగారూ" అన్నారు, చెంప తియ్యకుండానే. "గట్టిగానే ఉంది."

లేవండి, ఎసరు పెట్టుకోవాలి, దారికి అడ్డం అన్నాను. ఆయన లేవలేదు. పిల్లలందరూ ఆయన పక్క నుంచి తొక్కుకుంటూ లోపలికి వచ్చారు. నేను వెళ్ళి బియ్యం కడుక్కున్నాను.